గుండుసూదుల మాస్టర్ దాచిన నత్తి

ఆ దర్జీ దుకాణంలో కటింగ్ మాస్టర్‌కు ఒక అలవాటు ఉండేది. కొలతలివ్వడానికి ఎవరైనా గుమ్మంలో అడుగు పెట్టగానే ఆయన చెయ్యి తనంతట తానే డబ్బాలోకి వెళ్లి, కొన్ని గుండుసూదులు తీసి పెదాల మధ్య ఇరికించేది. నోట్లో సూదులున్న మనిషిని మాట్లాడమని బలవంతపెట్టేవాళ్లు ఎవరుంటారు? భుజం దగ్గర వదులు చెయ్యాలంటే ఒక సూది గుచ్చేవాడు, నడుము దగ్గర బిగించాలంటే ఇంకొకటి. వచ్చినవాళ్లు అద్దంలో చూసుకొని తలూపేవారు. అక్కడితో పని అయిపోయేది. మిగతా దుకాణాల్లో మాస్టర్ టేపు పట్టి అంకెలు కేకేస్తే పక్కనున్నవాడు రాసుకుంటాడు. ఇక్కడ మాత్రం టేపూ ఆయనే, పెన్సిలూ ఆయనే. అందుకని అందరూ ఆయన్ను గుండుసూదుల మాస్టర్ అనేవారు. పనిమీద అంత ధ్యాస ఉన్న మనిషి దొరకడని మెచ్చుకునేవారు కూడా.

ధ్యాస ఉన్న మాట నిజమే. కాని సూదులు అందుకు కాదు.

ఆయనకు నత్తి. ప, బ, క అనే అక్షరాలు ముందున్న మాట వస్తే నోటికి లోపలి నుంచి గడియ పడినట్టయ్యేది. చిన్నప్పుడు బడిలో లేచి నిలబడి ఒక్క వాక్యం చదవడానికి ఆయన పడిన పాట్లు ఆ పైవాడికే తెలుసు. ఇంట్లో ఆయన పెదనాన్నకూ అదే బాధ ఉండేది. ఆ పెద్దాయన జుట్టు నెరిసేదాకా నత్తితోనే బతికాడు. వీధిలో పిల్లలు వెనకాలే నడుస్తూ ఆయన మాటను ముక్కలు ముక్కలుగా అప్పజెప్పి నవ్వేవారు. ఆ నవ్వు విన్న మాస్టర్, అప్పటికింకా పిల్లవాడే, తనకు తానే ఒక దారి వెతుక్కున్నాడు. గడియ పడే మాట రాబోతోందని తెలియగానే దాన్ని పక్కకు నెట్టి ఇంకో మాట వేసేవాడు. పొద్దున అనలేక ఉదయం అనేవాడు. పెళ్లి అనలేక వివాహం అనేవాడు. కుర్చీ జరపమనాల్సి వస్తే ఆసనం జరపమనేవాడు. వినేవాళ్లకు అది చదువుకున్నవాడి భాషలా ఉండేది. నత్తి బయటికి వినిపించడం మానేసింది.

వాళ్లమ్మ అది దేవుడి దయ అనుకుంది. ఆమె మొక్కని మొక్కు లేదు అంతకు ముందు. బిడ్డకు మాట వచ్చిందని ఆనాటి నుంచి రోజూ సాయంత్రం చేతులు జోడించుకొని కూర్చుని కృతజ్ఞత చెప్పుకునేది. "నా కొడుక్కి నోరిచ్చావు స్వామీ" అని పైకే అనేది. ఆ మాట పక్క గదిలోకి వినిపించేది. అది పోలేదమ్మా, దాచుకున్నాను అని చెప్పడానికి మాస్టర్‌కు ఒక్కరోజూ ధైర్యం చాలలేదు. తల్లి చేతుల్లో ఉన్న దేవుడి వరాన్ని లాక్కోవడం ఏ కొడుకు వల్ల అవుతుంది?

పెదనాన్న పోయిన కొన్నేళ్లకు మాస్టర్‌కు పెళ్లి జరిగింది. భార్య కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర పని చేసేది. ఉదయం నుంచి సాయంత్రం దాకా జనం కోపాలన్నీ చెవిలో పోసుకొని, ప్రతివాడికీ మర్యాదగా జవాబు చెప్పి గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చేది. "మాట్లాడని మొగుడు దొరకడం నా అదృష్టం అత్తయ్యా. రోజంతా మాట్లాడినదాన్ని, ఇంట్లో కూడా జవాబులు చెప్పాలంటే పారిపోయేదాన్ని" అని నవ్వేది. అత్తగారూ నవ్వేది. మాస్టరూ నవ్వేవాడు. నవ్వడానికి అక్షరాలతో పనిలేదు.

కొడుకు పుట్టాడు. నానమ్మకు వాడు బుజ్జిగాడు. మాస్టర్‌కు మాత్రం చిన్నా. వాడికి మాటలు తొందరగానే వచ్చాయి, వచ్చాక ఆగింది లేదు. దుకాణం ఆలస్యంగా తెరుస్తారు కాబట్టి ఉదయాలు వాడు తండ్రి దగ్గరే ఉండేవాడు. నేల మీద కూర్చుని ఇద్దరూ గుడ్డముక్కలు రంగుల వారీగా పేర్చేవారు. మూడో ఏడు నడుస్తుండగా ఒక రోజు వాడు పాలు అడగబోయి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. "పా, పా, పా" అని కళ్లు ఆర్పుతూ, మెడ ముందుకు చాచి, చివరికి మాటను బయటికి తోశాడు. మాస్టర్ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆ మాట తన గొంతులోంచే వచ్చినట్టయింది ఆయనకు.

వారాలు గడిచినా తగ్గలేదు. "మాటల డాక్టరమ్మ ఒకావిడ ఉందట, చూపిద్దాం" అని భార్యే చెప్పి, సెలవు పెట్టింది. ముగ్గురూ కలిసి వెళ్లారు.

ఆ గది నేల నిండా మెత్తటి చాప. గోడవారగా చెక్క బొమ్మలు, చిన్న చిన్న కుర్చీలు. డాక్టరమ్మ కూడా నేల మీదే కూర్చుని పిల్లవాడితో ఆడింది. ఆడుతూ వాడి మాట విన్నది. ఆ తరవాత పెద్దవాళ్ల వైపు తిరిగింది.

"ఇంట్లో ఎవరికైనా నత్తి ఉందా? మీ వైపు గాని, మీ వారి వైపు గాని. చిన్నప్పుడు ఉండి పోయినా సరే చెప్పండి."

"మా వైపు ఎవరికీ లేదండీ. వీళ్ల వైపూ లేదు. అసలు మా ఆయన మాట్లాడితే కదా, నత్తి పట్టడానికి" అంది భార్య.

డాక్టరమ్మ మాస్టర్ వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆలోచించి ఊపింది కాదు. ఇన్నేళ్ల అలవాటు ఊపించింది.

"అయితే కంగారు పడకండి. ఈ వయసులో చాలామందికి వచ్చి దానంతటదే పోతుంది. మొదలై ఎంతో కాలం కాలేదు, కుటుంబంలోనూ లేదంటున్నారు. కొన్నాళ్లు చూద్దాం. ఇంట్లో ఎవరికైనా పెద్దయ్యాక కూడా ఉండిపోయి ఉంటే మాత్రం నేను ఆగేదాన్ని కాదు, ఈరోజే మొదలుపెట్టేదాన్ని" అంది డాక్టరమ్మ.

భార్య ఊపిరి పీల్చుకుంది. మాస్టర్‌కు ఆ గదిలో గాలి చాలలేదు. ఒక్క వాక్యం. అది చెబితే కొడుకుకు వైద్యం ఇప్పుడే మొదలవుతుంది. చెప్పకపోతే చూస్తూ కూర్చోవాలి. ఆ వాక్యం చెప్పాల్సిన నోరు ఈయనది.

ఇంటికి వచ్చాక ముందు తల్లితో చెబుదామనుకున్నాడు. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చుంది. పక్కన చేరి తనూ నాలుగు తుంచాడు. పెదనాన్న అనే మాట ఎటూ రాదు.

"అమ్మా, నాన్నగారి అన్నగారికి అది చివరిదాకా ఉందిగా."

"ఆయన ఊసు ఇప్పుడెందుకురా? ఆయన్ని కన్నవాళ్లు మొక్కుకోలేదు. నేను మొక్కుకున్నాను, స్వామి నిన్ను చూశాడు. నా మనవణ్ణీ చూస్తాడు. నువ్వు దిగులు పెట్టుకోకు నాయనా" అని ఆమె తన దగ్గరున్న గట్టి కాయలు వేరుచేసి, లేతవి కొడుకు ముందుకు జరిపింది. చేతికి సులువుగా ఉంటాయని. అంత ప్రేమగా మూసిన తలుపును ఆయన తట్టలేకపోయాడు.

ఇక భార్యతో చెబుదామా అంటే, ఏమని మొదలుపెట్టాలి? నిన్న చెప్పని మాటను ఈరోజు చెబితే నిన్న ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. నెల దాటితే నెలంతా ఎందుకు దాచావని అడుగుతుంది. రోజు గడిచేకొద్దీ ఆ మాట బరువెక్కుతూ పోయింది.

ఇలా ఉండగా పిల్లవాడికి తగ్గింది. తగ్గిందని ఇంట్లో ఆడవాళ్లిద్దరూ అన్నారు. వాడు మాట దగ్గర ఆగడం లేదు, కళ్లు ఆర్పడం లేదు. "చూశావా అమ్మాయ్, నేను చెప్పలేదూ" అని నానమ్మ కోడలి బుగ్గ నిమిరింది.

మాస్టర్ కూడా సంతోషించబోయాడు. ఒక ఉదయం వాడు కిటికీ ఎక్కి కూర్చుని ఎదురింటి గోడ మీదున్న పిల్లిని చూశాడు. చెయ్యి చాచాడు. పెదాలు మూసుకున్నాయి. ఒక్క క్షణం అలా ఉండి, "మ్యావ్ వచ్చింది" అన్నాడు. పసితనంలో మ్యావ్ అనేవాడు, మాటలు వచ్చాక చక్కగా పిల్లి అనేవాడు. మళ్లీ వెనక్కి వెళ్లాడు. ఆ రోజు నుంచి మాస్టర్ కొడుకు పెదాలనే చూడసాగాడు. పాలు అడగాల్సి వస్తే తెల్లవి అంటున్నాడు. బంతి కావాలంటే గుండ్రంది అంటున్నాడు. అదీ తోచకపోతే వేలు చూపించి ఊరుకుంటున్నాడు. వేలు చూపించినా అందకపోతే అడగడమే మానేస్తున్నాడు.

"తెల్లవట. ఎంత తెలివో చూడండి అత్తయ్యా, రంగులు చెబుతున్నాడు" అని తల్లి మురిసిపోయింది.

మాస్టర్ పాల గ్లాసు కొడుకు చేతికిచ్చాడు. తనకు ఈ దారి దొరికేసరికి బడికి వెళ్తున్నాడు. వీడికి అప్పుడే దొరికిపోయింది. ఈ దారిలో లోపలికి వెళ్లడమే గాని బయటికి రావడం ఉండదని ఆ ఇంట్లో ఆయనొక్కడికే తెలుసు.

డాక్టరమ్మ మళ్లీ రమ్మన్న రోజు దగ్గర పడింది.

"తగ్గిపోయింది కదండీ, రేపు ఆఫీసు నుంచి ఫోన్ చేసి రామని చెప్పేస్తాను. మా పైఅధికారి దగ్గర సెలవు తీసుకోవడం కంటే అడవికి పోయి తేనె తీయడం తేలిక" అంది భార్య.

"వద్దు. వెళ్దాం."

"ఎందుకు?"

ఆయన కొడుకు వైపు చూశాడు. ఆమె చేతిలో పని ఆపి చూసింది.

"మీరు నోరు తెరిచి ఒకటి అడగడమే అపురూపం. సరే, వెళ్దాం లెండి."

ఆ వారం దుకాణంలో ఆయన చెయ్యి ఎన్నడూ చెయ్యని తప్పు చేసింది. ఒక పెద్దమనిషి కోటుకు గుడ్డ తిప్పి వెయ్యడం మరిచి చేతులు రెండూ ఒకే వైపువి కత్తిరించాడు. కాలర్లు కుట్టే ముసలాయన, అందరూ కాలరు తాత అంటారు, ఆ ముక్కలను మిషను మీద పరిచి చూసి నెమ్మదిగా తీసుకొచ్చాడు.

"మాస్టరూ, రెండూ ఎడమ చేతులే. ఆయనకు కుడి చెయ్యి కూడా ఉన్నట్టు గుర్తు."

మాస్టర్ నోట్లో సూదులు లేవు. అయినా మాట రాలేదు.

"గుడ్డ మిగిలింది, ఒకటి మళ్లీ తీద్దాం. యజమానికి చెప్పే అవసరం లేదు" అని తాత ముక్కను మడిచి తన స్టూలు కింద పెట్టుకున్నాడు. తరవాత దారం ఎక్కిస్తూ, సూది వైపే చూస్తూ అన్నాడు. "బాబు సంగతేనా? ఆ డాక్టరమ్మకు ఏదన్నా చెప్పాల్సి ఉంటే నంబరివ్వు, నేను ఫోన్ చేస్తాను. ఇక్కడి ఫోను ఇన్నాళ్లూ ఎత్తుతున్నది నేనే కదా."

మాస్టర్ తలెత్తాడు. నిజమే. ఫోను మోగితే తాత ఎంత పనిలో ఉన్నా లేచేవాడు. మోకాళ్ల నొప్పితో కూడా లేచేవాడు. అది ముసలాయన సరదా అనుకున్నాడు ఇన్నాళ్లూ.

"తాతా, మీకు తెలుసా?"

"తెలియడానికి ఏముంది? ఫోను మోగితే నీ మొహం చూస్తే చాలు. చెప్పు, చెయ్యమంటావా?"

ఎదురుగా తలుపు తెరిచినట్టే ఉంది. మాస్టర్ మనసు అటే పోయింది. అంతలో తాత మళ్లీ అన్నాడు. "చేస్తాను గాని, మీకెలా తెలుసండీ అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు నాయనా. నేను నీ ఫోను ఎత్తేవాణ్ణి, అంతే."

డాక్టరమ్మ గది మారలేదు. పిల్లవాడు చెక్క బండి దొర్లించుకుంటూ అడిగినవాటికి చిన్న చిన్న జవాబులు చెప్పాడు. ఎక్కడా ఆగలేదు. భార్య సంతోషంగా ఇంటి సంగతులు చెప్పింది. డాక్టరమ్మ తల ఊపుతూ, "మంచిది. ఇంకో ఆర్నెల్లు చూద్దాం. మళ్లీ వస్తే అప్పుడు" అని లేవబోయింది.

"తగ్గలేదు" అన్నాడు మాస్టర్.

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు.

"రాని మాట ఎదురైతే దాన్ని వదిలేస్తున్నాడు. దాటేసి ఇంకోటి అంటున్నాడు."

"ఇంత చిన్నవాడు అలా చేస్తున్నాడని మీరెలా గుర్తుపట్టారు?" అని డాక్టరమ్మ అడిగింది.

తప్పించుకునే దారులు అప్పుడు కూడా కనిపించాయి. ఎవరో చెప్పగా విన్నాను అనవచ్చు. అలా తోచింది అనవచ్చు. అన్నీ నున్నటి మాటలు, గొంతు దాకా వచ్చి నిలబడ్డాయి. ఆయన వాటిని వదిలి రాని మాటకే పూనుకున్నాడు.

"మా పె..."

గడియ పడింది. పెదాలు బిగిశాయి. మెడ నరాలు తేలాయి, కుడి కాలు నేలను తన్నడం మొదలుపెట్టింది. భార్య మూర్ఛ అనుకుంది. "ఏమైందండీ? నీళ్లు, కాసిని నీళ్లు ఇవ్వండి" అని వీపు మీద చెయ్యి వేసింది. డాక్టరమ్మ ఆగమన్నట్టు అరచెయ్యి చూపించి, తాను కదలకుండా కూర్చుంది. ఆవిడ గడియారం చూడలేదు, పిల్లవాడి వైపు చూడలేదు. ఆయన మొహంలోకే, తొందర లేకుండా చూస్తూ ఉంది. అలా తన మాట కోసం ఆగిన మనిషిని ఆయన అంతవరకూ ఎరగడు.

"పె, పె, పెదనాన్నకు ఉండేది. చివరిదాకా. నాకు ఉంది. ఇప్పటికీ ఉంది. మాటలు మార్చి దాచుకున్నాను."

వీపు మీద చెయ్యి మెల్లగా తొలగింది.

పిల్లవాడు బండి ఆపి తండ్రి నోటినే చూస్తున్నాడు.

"ఇది పోయినసారే చెప్పి ఉంటే అప్పుడే మొదలుపెట్టేవాళ్లం. సరే, ఇప్పుడు మొదలుపెడదాం" అంది డాక్టరమ్మ. గొంతులో నిష్ఠూరం లేదు.

"నా నుంచి నేర్చుకున్నాడా?"

"నేర్చుకుంటే వచ్చేది కాదు ఇది. కొన్ని కుటుంబాల్లో ఉంటుంది, అంతే. మీ తప్పూ కాదు, వాడి తప్పూ కాదు. పూర్తిగా పోతుందని మాటివ్వలేను. ఆలస్యం చెయ్యకపోతే అవకాశం ఎక్కువ." ఆవిడ ఇద్దరి వైపూ చూసింది. "రోజూ ఇంట్లో ఒకరు వాడితో కాసేపు కూర్చుని, నేను చెప్పినట్టు మాట్లాడాలి. ఆ ఒకరే వారం వారం ఇక్కడికి రావాలి. ఎవరు వస్తారు?"

"ఉదయాలు నేనుండను. ఆయనే" అంది భార్య, గోడ వైపు చూస్తూ.

ఒక గది తలుపు తీసుకొని బయటికి వస్తే ఇంకో గదిలో తేలినట్టయింది మాస్టర్‌కు. ఇన్నాళ్లూ మాట్లాడకుండా ఉండటం ఆయన పని. ఇక రోజూ మాట్లాడటమే పని.

బస్సులో పిల్లవాడు తల్లి ఒళ్లో నిద్రపోయాడు. ఆమె చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండి, గొంతు తగ్గించి అంది.

"నేను ఆవిడ ముందు లేదు అని గట్టిగా చెప్పాను. మీరు పక్కనే కూర్చుని తల ఊపారు."

ఆయన కొడుకు కాలి నుంచి జారిన చెప్పును సరిచేశాడు.

"రోజూ ముక్కూమొహం తెలియనివాళ్ల గొంతులు వింటాను. అవతల ఊపిరి పీలిస్తే చాలు, అబద్ధమో నిజమో చెప్పేస్తాను. ఇంట్లో మనిషిని వినలేకపోయాను." ఒళ్లో పిల్లవాడి తల సర్దింది. "నన్ను పేరు పెట్టి ఒక్కసారీ పిలవలేదు మీరు. మర్యాద అనుకున్నాను. మా వాళ్లకు గొప్పగా చెప్పుకున్నాను కూడా."

"రాదు" అన్నాడు.

ఆమె మళ్లీ కిటికీ వైపు తిరిగింది. దిగేటప్పుడు సంచి మాత్రం తనే మోసింది, అడిగినా ఇవ్వలేదు. "అత్తయ్యకు మీరే చెప్పుకోండి. నేను చెప్పను" అంది గుమ్మం దగ్గర.

చెప్పాడు. ముక్కలు ముక్కలుగా, తల్లి పాదాల దగ్గర కూర్చుని. ఆమె మధ్యలో రెండుసార్లు మాట అందించబోయింది, కొడుకు మొహం చూసి ఆగిపోయింది. అంతా విన్నాక, "అయితే పోలేదన్నమాట" అంది. సాయంత్రం ఎప్పటిలాగే చేతులు జోడించుకొని కూర్చుంది. ఆ రోజు పైకి ఏమీ అనలేదు. లోపల ఏం చెప్పుకుందో ఆమెకూ ఆ పైవాడికీ తెలియాలి.

మర్నాడు ఉదయం మాస్టర్ చాప పరిచి కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. డాక్టరమ్మ ఇచ్చిన బొమ్మల అట్టలు మధ్యలో బోర్లా పెట్టాడు. ఒకరు తీసి పేరు చెప్పాలి, తరవాత రెండోవాళ్లు. తొందరపెట్టకూడదు, మాట అందించకూడదు, తప్పు దిద్దకూడదు. భార్య ఆఫీసుకు తయారై వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె వెనకాల అత్తగారు.

పిల్లవాడు మొదట చేప తీశాడు. చేప అనేశాడు. మాస్టర్‌కు ఇల్లు వచ్చింది. అదీ అయింది. తరవాత వాడికి కాకి వచ్చింది. వాడి నోరు తెరుచుకొని అలాగే నిలిచిపోయింది. కళ్లు పక్కకు తిరిగాయి, వేరే మాట కోసం. నల్లది అంటాడని మాస్టర్‌కు తెలిసిపోయింది. వాడి కన్నా ముందే తెలిసింది. ఆయన ఏమీ అనకుండా వాడి మొహంలోకే చూస్తూ ఉండిపోయాడు.

గుమ్మంలో నానమ్మ ఆగలేక పెదవి కదిపింది. కోడలు వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకుంది.

"కా, కా, కా, కాకి" అన్నాడు వాడు.

"చెప్పావు చిన్నా" అన్నాడు మాస్టర్.

వాడు ఉత్సాహంగా తరవాతి అట్ట తనే తిప్పి తండ్రి వైపు తోశాడు. "నువ్వు."

అట్ట మీద పడవ. నావ అనే మాట అప్పటికే నాలుక మీద సిద్ధంగా ఉంది, ఎక్కడా తగలకుండా జారిపోయే మాట. మాస్టర్ దాన్ని మింగేసి పెదాలు మూశాడు. అవి తెరుచుకోలేదు. కాలు నేలను తన్నసాగింది. వీధి చివర బస్సు హారన్ వినిపించింది. భార్య ఎక్కాల్సిన బస్సు అదే. ఆమె గుమ్మంలోంచి కదలలేదు. కొడుకు తల కొంచెం పక్కకు వంచి, తండ్రి నోటి వైపే చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ మాట అందించలేదు. ఆయన ఇంకా ప దగ్గరే ఉన్నాడు.